పేరు రాయని కుండలు

జపాన్ కుమ్మరి షోజి హమదా పేరు నేను మొదట విన్నది ప్లిమత్‌లో, సాయంత్రం పూట పెద్దవాళ్ల కోసం పెట్టే ఒక కుండల క్లాసులో. మా ఆయనకు ఆ ఊళ్లో ఉద్యోగం. పిల్లవాడు బడికి వెళ్లడం మొదలెట్టాక నాకు ఊసుపోక ఆ క్లాసులో చేరాను. అమ్మకు ఫోన్లో చెబితే, "ఇంగ్లండు దాకా వెళ్లి కుమ్మరి పని నేర్చుకుంటున్నావుటే!" అంది. వెక్కిరింపేం కాదు, ఆవిడకు నిజంగానే ఆశ్చర్యం. తెనాలి దగ్గర మా పల్లెలో సారె తిప్పేది కుమ్మరి ఇంటివాళ్లే. వేరేవాళ్లు డబ్బు కట్టి మరీ నేర్చుకుంటారంటే ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు.

మాకు నేర్పే ఆవిడకు అప్పటికే డెబ్బై దాటాయి. క్లాసులో అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు. నాకు మాత్రం నోరు రాక చివరిదాకా "టీచర్" అనే అన్నాను. చిన్నప్పుడు ఒక వేసవిలో, నైరుతి ఇంగ్లండులోని కార్న్‌వాల్ జిల్లాలో ఉన్న సెయింట్ ఐవ్స్‌లో లీచ్ గారి కుండల కార్ఖానాలో సరుకు అమ్మే గదిలో పనిచేసిందట. అప్పటికి ఆ కార్ఖానా పెట్టిన ఇంగ్లీషు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ ముసలాయన అయిపోయాడు. ఆవిడకు లీచ్ అంటే గౌరవం, హమదా అంటే ప్రాణం. ఎవరి చేతిలోనైనా కొత్త గిన్నె కనబడితే చాలు, ముందు తిరగేసి అడుగు చూసేది. "పైనంతా గ్లేజు, అదే ఆ గాజులాంటి పూత, దాచేస్తుంది. చేసినవాడి చెయ్యి తెలిసేది అడుగున, మట్టి కనబడేచోట" అనేది.

ఆ అలవాటు నాకూ అంటుకుంది. అందుకే ఓసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మ వాడిన ఆవకాయ జాడీని తిరగేసి చూసి, సూట్‌కేసులో పాత చీరల మధ్య చుట్టి పట్టుకెళ్లాను. పైన గోధుమరంగు, కింద వెన్నరంగు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన జాడీయే. మనం పింగాణీ జాడీ అనేస్తాం గాని, అది అసలు సిసలు స్టోన్‌వేర్. మన మట్టికుండ తొమ్మిది వందల డిగ్రీల్లోపే కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గాని లోపలి సందులు పూడవు. నీరు చెమరుస్తుంది, అందుకే ఎండాకాలంలో కుండనీళ్లు అంత చల్లన. తగిన మట్టి దొరికి, దాన్ని 1200 డిగ్రీలు దాటించి 1300 దాకా తీసుకెళితే లోపలి ఖనిజాలు కొన్ని కరిగి గాజు అయిపోయి సందుల్ని మూసేస్తాయి. ఇక నూనె ఊరదు, ఉప్పు పట్టదు. ఏడాది పొడుగునా ఆవకాయ నిలవుండేది ఆ వేడి పుణ్యమే.

టీచర్ ఆ జాడీని చాలాసేపు చూసింది. లోపల చెయ్యిపెట్టి తడిమి, "ఇది సారె మీద లేచిందే. వేళ్లు నడిచిన గీతలున్నాయి. ఎవరు చేశారు?" అంది. నాకేం తెలుసు? అమ్మమ్మకూ తెలియదు. తెనాలి బజార్లో కొన్నది. "అయితే హమదాకు నచ్చేది" అంటూ నవ్వింది. ఆ మాటతోనే నాకు హమదా గొడవ పట్టుకుంది.

హమదా 1894లో పుట్టాడు. పల్లెటూరి కుమ్మరి కుటుంబమేం కాదు. టోక్యోలో సాంకేతిక కళాశాలలో చేరి సిరామిక్స్ చదువుకున్నాడు. అక్కడే ఇతయ హజాన్ అనే పేరున్న కళాకారుడు గురువు, కవాయ్ కంజిరో అనే సీనియరు స్నేహితుడు. 1916లో చదువయ్యాక క్యోటోలో పరిశోధన సంస్థలో ఉద్యోగం. కవాయ్, తనూ కలిసి వేలకొద్దీ గ్లేజులు పరీక్షించారు. అంటే ఏ మట్టికి ఏ బూడిద, ఎంత వేడికి ఏ రంగు అన్నది లెక్కల్లో తెలిసినవాడు. అదే సమయంలో జపాన్‌లో ఉండి కుండలు నేర్చుకున్న ఇంగ్లీషువాడు లీచ్. లీచ్ పుట్టింది హాంకాంగ్‌లో, 1887లో. ఇద్దరికీ స్నేహం కుదిరింది. సెయింట్ ఐవ్స్‌లో చేతిపనుల సంఘం నడిపే ఫ్రాన్సిస్ హార్న్ అనే ఆవిడ పెట్టుబడి ఇస్తానంటే, 1920లో లీచ్ కుటుంబంతో స్వదేశానికి బయల్దేరాడు. పాతికేళ్ల హమదా కూడా వెంట వెళ్లాడు.

చదువుకున్న కుర్రాడు, సొంత దేశంలో ఉద్యోగం ఉన్నవాడు, ఓడెక్కి కార్న్‌వాల్ లాంటి మారుమూలకు ఎందుకు వెళ్లినట్టు? ఇది నన్ను చాలాకాలం తొలిచింది. మేం వెళ్లింది జీతానికి. దాచడమెందుకు.

ప్లిమత్ నుంచి సెయింట్ ఐవ్స్‌కు రైల్లో వెళ్లాలంటే సెయింట్ ఎర్త్‌లో దిగి చిన్న రైలెక్కాలి. దారిలో సెయింట్ ఆస్టెల్ దగ్గర తెల్లటి గుట్టలు కనిపిస్తాయి. చైనా క్లే అనే తెల్ల పింగాణీ మట్టి కోసం తవ్వి పోసిన పోగులవి. ఈ మట్టిని కార్న్‌వాల్‌లో గుర్తుపట్టినవాడు కుక్‌వర్దీ అనే ప్లిమత్ మందుల వ్యాపారి, పద్దెనిమిదో శతాబ్దంలో. ఆ చిన్న రైలు ఇసుకతిన్నెల పక్కగా, సముద్రాన్ని ఆనుకుని పోతుంది. మా క్లాసువాళ్లం టీచర్‌తో కలిసి వెళ్లినప్పుడు ఆవిడ కిటికీ పక్కన కూర్చోనని మొండికేసింది. "నేను చూసేశాను, నువ్వు చూడు" అని నన్ను నెట్టింది.

కుండల కార్ఖానా ఊరి మధ్యలో ఉండదు. స్టెనాక్ అనే ఎత్తురోడ్డు పట్టుకుని ఎక్కిపోవాలి. పక్కన చిన్న వాగు. 2008లో మరమ్మతులు చేసి మళ్లీ తెరిచారు. లోపల పాత ఆవం అలాగే ఉంది. మెట్లు మెట్లుగా పైకి లేచే మూడు గదుల ఆవం. జపాన్‌లో కొండవాలు మీద కట్టే రకం. కింది గదిలో మండిన మంట పై గదిలోకి పాకుతుంది. కింద కాలేసరికి పైది సగం వేడెక్కి ఉంటుంది, అంచేత కట్టె కలిసొస్తుంది. పడమటి దేశాల్లో ఇలాంటిది ఇదే మొదటిదని చెబుతారు. తమాషా ఏమిటంటే కార్న్‌వాల్‌లో చెట్లు తక్కువ. గాలి కొట్టే బోడి కొండలు. కట్టెలతో కాల్చే ఆవం కట్టడానికి ఇంతకంటే పనికిరాని చోటు దొరకదు!

హమదా, లీచ్ కట్టిన ఆ మొదటి ఆవం సరిగ్గా నిలబడలేదు. 1922లో జపాన్ నుంచి మత్సుబయాషి అనే ఇంజనీరును రప్పించి మళ్లీ కట్టించారు. తరతరాలుగా కుండలు చేసే ఇంటినుంచి వచ్చినవాడు. ఆయన కట్టింది 1970ల దాకా కాలింది. గైడు ఈ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాడు గాని, నా మటుకు నాకు మత్సుబయాషి మీద జాలేసింది. లీచ్, హమదా పేర్లు చెప్పి టిక్కెట్లు అమ్ముతున్నారు. నిలబడ్డ ఇటుకలు ఆయనవి.

ఆ రోజుల్లో వాళ్ల పని సగం వెతుకులాటే. చుట్టుపక్కల ఏ మట్టి ఉంది, ఏ ఆకు కాలిస్తే ఏ బూడిద వస్తుంది అని చూసుకుంటూ గ్లేజులు కలిపేవారు. ఇంగ్లండులో వెనకటి పల్లె కుమ్మరులు పల్చటి రంగుమట్టిని ధారగా పోసి గీతలు గీసిన పళ్లేలు చేసేవారు. స్లిప్‌వేర్ అంటారు. అప్పటికి వాటిని పట్టించుకునేవాళ్లు లేరు. హమదాకు అవంటే పిచ్చి. తడిమీద తడి అంత తేటగా ఎలా నిలిచిందో అర్థంకాక తంటాలు పడుతుంటే, టీ తాగేవేళ రొట్టెమీది జాము మీద మీగడ పోసుకోవడంలో కిటుకు దొరికిందని కథ. కార్న్‌వాల్ మీగడ తిన్నాక నేనీ కథను నమ్మాను.

లీచ్‌తో కలిసి ససెక్స్‌లోని డిచ్లింగ్ అనే పల్లెకు వెళ్లినప్పుడు ఎథెల్ మేరెట్ అనే నేతగత్తె ఇంట్లో భోంచేశాడు. ఆవిడ నూలు తనే వడుక్కునేది, రంగులు తనే అద్దుకునేది. భోజనం వడ్డించింది ఆ పాతకాలపు మట్టి పళ్లేల్లోనే. ఊరి బయట ఉంటూ, చేసే పనీ బతికే తీరూ ఒకటిగా పెట్టుకున్న మనుషుల్ని అక్కడ చూశాడు. గ్లేజుల రహస్యాలు క్యోటోలోనే తెలిసినవాడికి ఇంగ్లండు ఇచ్చింది ఇదే అనుకుంటాను. ఎలా చెయ్యాలన్నది ముందే తెలుసు. ఎక్కడ కూర్చుని చెయ్యాలన్నది తేల్చుకున్నది ఇక్కడ.

1923లో లండన్ బాండ్ స్ట్రీట్‌లో ప్యాటర్సన్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టాడు. బాగా నడిచింది. ఆ ఏడాదే సెప్టెంబరు 1న టోక్యో, యోకొహామా ప్రాంతాల్ని పెద్ద భూకంపం నేలమట్టం చేసింది. ఇంటి కబురు తెలియక ఎంత టెన్షన్ పడి ఉంటాడో నేను ఊహించగలను. దివిసీమ ఉప్పెన అప్పుడు వేరే ఊళ్లో చిక్కుకుపోయిన మా మావయ్య కథ వింటూ పెరిగినదాన్ని. ఏడాది చివర్లో హమదా ఇంగ్లండు వదిలాడు. వెంట కొన్ని స్లిప్‌వేర్ పాత్రలు పట్టుకెళ్లి కవాయ్‌కి చూపిస్తే, కవాయ్ చేతిపనే మారిపోయింది. అప్పటిదాకా కవాయ్‌ని విమర్శిస్తూ వచ్చిన కళావిమర్శకుడు యనగి సొయెత్సుకూ కవాయ్‌కీ మధ్య స్నేహం కలిపింది హమదాయే. 1925లో ఈ ముగ్గురూ కలిసి 'మింగెయ్' అనే మాట పుట్టించారు. జనం కోసం, పేరూ ఊరూ లేని పనివాళ్లు చేసిన వాడుక వస్తువుల్లోనే అసలు అందం ఉందన్నది వాళ్ల వాదం.

హమదా టోక్యోలో, క్యోటోలో మకాం పెట్టలేదు. టోక్యోకు ఉత్తరాన ఉన్న మషికో అనే పల్లెకు వెళ్లాడు. ముతక మట్టి. వంటింటి చట్టీలు, నీళ్ల తొట్లు, టీ కెటిళ్లు చేసే ఊరు. చదువుకునే రోజుల్లో గురువు హజాన్ ఇంట్లో కొండా చెట్టూ బొమ్మ వేసిన మషికో కెటిల్ ఒకటి చూశాడట, అది మనసులో ఉండిపోయింది. చాలా ఏళ్లు వేరేవాళ్ల ఆవాల్లోనే కాల్చుకున్నాడు. 1930లో సొంత ఇల్లు. చుట్టుపక్కల పాత రైతుల ఇళ్లను విప్పించి తెచ్చి తన దొడ్లో నిలబెట్టుకున్నాడు. వాటిలో ఇంగ్లండు నుంచి తెచ్చిన విండ్సర్ కుర్చీలు.

అక్కడ వాడిన గ్లేజుల జాబితా వింటే మా ఊరు గుర్తొచ్చింది. ఒకటి, దగ్గర్లో దొరికే మెత్తరాయిని పొడిగొట్టి కలిపేది. కాలితే బాగా ముదిరిన బెల్లప్పాకం రంగు వస్తుంది. ఇంకోటి కట్టెబూడిద. తెల్లటిదానికి వడ్ల ఊకను కాల్చిన బూడిద! ఊకబూడిదలో దాదాపు అంతా సిలికానే, అంటే గాజుకు ముడిసరుకు. మా ఊళ్లో రైసుమిల్లు వెనక ఊకబూడిద దిబ్బలుగా పడి ఉండేది. అమ్మమ్మ అంట్లు తోమడానికి తెప్పించేది. క్లాసులో గర్వంగా చెబితే, "మరి గ్లేజు ఎందుకు చెయ్యలేదు మీవాళ్లు?" అని టీచర్ అమాయకంగా అడిగింది. మా కుండకు గ్లేజు పడితే నీళ్లు చల్లబడవు కదా, అన్నాను.

హమదా సారె కరెంటుది కాదు, కాలితో తన్నేదీ కాదు. చక్రంలోని గుంటలో కర్ర పెట్టి చేత్తో తిప్పేది, మా కుమ్మరి తాత తిప్పినట్టే. మఠం వేసుకు కూర్చునేవాడు. వేగం తక్కువ, అందుకే గిన్నె అంచు కాస్త వంకరగా, ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. గ్లేజును గరిటెతో తీసుకుని పళ్లెం మీద ఒక్క విసురున ధార పోసేవాడు. పదిహేను క్షణాల పనికి ఇంత ధరా అని ఎవరో అడిగితే, పదిహేను క్షణాలూ దాని వెనక అరవై ఏళ్లూ అన్నాడని ప్రతి కుండల క్లాసులోనూ చెబుతారు. మా టీచర్ ప్రతి టర్ములోనూ చెప్పేది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో హమదా పాత్రలు చూశాను. అద్దాల బీరువాలో పెట్టారు. తిరగేసి అడుగు చూడ్డానికి లేదు, అదొక్కటే లోటు.

చూసినా పేరు కనబడదు. సెయింట్ ఐవ్స్‌లో ఉన్నన్నాళ్లూ తన ముద్ర వేసేవాడు, జపాన్ వెళ్లాక మానేశాడు. రేపు జనం నా చెత్త కుండలు శిష్యులవనీ, శిష్యుల మంచివి నావనీ అనుకుంటారు అని నవ్వేసేవాడట. వినడానికి ఎంతో బాగుంది. అయితే కుండ పెట్టే చెక్కపెట్టె మూతమీద మాత్రం కుంచెతో తన పేరు రాసేవాడు. ఇప్పుడు వేలంలో ఆ పెట్టె ఉంటే ఒక ధర, లేకపోతే ఒక ధర. హమదాను తప్పుపట్టను, ఆ దేశంలో అది ఆనవాయితీ. కానీ పేరు లేకపోవడం గొప్ప అని చెప్పగలిగేది పేరున్నవాడే అని నాకు ఆ చెక్కపెట్టెను చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మషికోలోనే మినగవ మసు అని ఒకావిడ ఉండేది. చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచి ముసలితనం దాకా టీ కెటిళ్ల మీద ఆ కొండా చెట్టూ బొమ్మే వేసింది, రోజుకు వందల కొద్దీ. చదువు రాదు. ఆవిడ పేరు మనకు తెలిసిందంటే హమదా, యనగి లాంటివాళ్లు ఆమె గురించి చెప్పబట్టే. మా కుమ్మరి తాత గురించి చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. పెళ్లిళ్లకు ఐరేని కుండలు ఆయన ఇంటినుంచే మేళతాళాలతో తెచ్చేవాళ్లం. సున్నం పూసి, ఎర్రమట్టి చుక్కలు పెట్టి ఇచ్చేవాడు. ఏడాదికి సరిపడా చట్టీలు, మూకుళ్లు ఇచ్చి కోతలప్పుడు మేర పట్టుకెళ్లేవాడు. అమ్మను అడిగాను ఆయన పేరేమిటని. అమ్మ నాన్నను అడిగింది. ఇద్దరూ "కుమ్మరి తాతే" అన్నారు.

1955లో జపాన్ ప్రభుత్వం హమదాను సజీవ జాతీయ సంపదగా ప్రకటించింది. కవాయ్ ఇలాంటి గౌరవాలు వద్దనేశాడు, అది ఆయన పద్ధతి. ఈలోగా హమదా మళ్లీ విదేశాలు తిరిగాడు. 1952లో ఇంగ్లండులో డార్టింగ్టన్ హాల్‌లో కుమ్మరుల, నేతగాళ్ల సమావేశానికి యనగితో కలిసి వచ్చాడు. డార్టింగ్టన్ మా ప్లిమత్‌కు దగ్గరే. అక్కడి నుంచి లీచ్, యనగి, హమదా ముగ్గురూ అమెరికా వెళ్లి బ్లాక్ మౌంటెన్ కాలేజీ, మినెసోటా, మొంటానా అన్నీ చుట్టారు. మొంటానాలో హెలెనా ఊళ్లో హమదా చేస్తుంటే చూసినవాళ్లలో కుర్ర పీటర్ వోల్కస్ ఒకడు. తర్వాత కుండ అన్నదాన్నే చీల్చి చెండాడి శిల్పంగా మార్చినవాడు. మాటలు లీచ్, యనగి చెప్పేవారు. హమదా దొరికిన మట్టి పెట్టుకుని, సారె మీద చేసి చూపించేవాడు. మర్నాటికి ఉపన్యాసాలు మరిచిపోయినవాళ్లకు కూడా ఆ చేతులు గుర్తుండిపోయాయి.

సెయింట్ ఐవ్స్‌లో నేర్చుకెళ్లిన మినెసోటా కుమ్మరి వారెన్ మెకెంజీ కథ నాకు ఇష్టం. లీచ్ ఇంట్లోనే ఉండి, అక్కడున్న హమదా పాత్రల్లో తిని తాగినవాడు. తిరిగెళ్లి జీవితమంతా రోజువారీ గిన్నెలే చేశాడు, చవగ్గా అమ్మాడు. తన దగ్గర అమ్మేవాళ్లను పెట్టుకోలేదు. కావలసింది తీసుకుని డబ్బు బుట్టలో వేసి వెళ్లడమే. చివరికి జనం కట్టలకొద్దీ పట్టుకెళ్లి ఇంటర్నెట్లో పదింతలకు అమ్ముకోవడం మొదలెడితే విసిగి ఆ గది మూసేశాడు. పేరు వద్దన్నా వదలదు కొందరిని.

2011 భూకంపంలో మషికోలో హమదా ఆవం కూలింది, ఆయన పోగుచేసిన పాత్రలు కొన్ని పగిలాయి. సెయింట్ ఐవ్స్ వాళ్లు చందాలు పోగుచేశారు. మా క్లాసువాళ్లం కూడా చేసినవన్నీ చర్చి హాల్లో అమ్మి పంపాం. నా గిన్నెలు కొన్నది ఎక్కువగా మా ఆయన స్నేహితులే, మొహమాటానికి. ఆ తర్వాతి ఏడాది రెండు ఊళ్లూ అధికారికంగా స్నేహ నగరాలయ్యాయి.

హమదా తన గురించి చెప్పుకున్న మాట ఒకటుంది: దారి క్యోటోలో దొరికింది, ఇంగ్లండులో మొదలైంది, ఒకినావాలో నేర్చుకున్నాను, మషికోలో పెరిగాను. ఒకినావా అంటే జపాన్ దక్షిణాన ఉన్న దీవులు. దీనిమీద టీచర్‌కూ నాకూ ఎడతెగని తగువు. ఆవిడ లెక్కలో 'ఇంగ్లండులో మొదలైంది' అన్నదే అసలు ముక్క. దేశం దాటకపోతే హమదా మంచి గ్లేజుల నిపుణుడిగా మిగిలిపోయేవాడంటుంది. నేనేమో, వెళ్లడం ఎవరైనా వెళతారు, ఇంగ్లండులో పేరొస్తున్నప్పుడు వదిలేసి పల్లెకు వెళ్లి కూర్చోవడం చూడండి అంటాను. మేం హైదరాబాదు వచ్చేశాక కూడా ఈమెయిళ్లలో ఇదే సాగుతోంది. పోయిన క్రిస్మస్‌కి ఆవిడ ప్లేటు ఫిరాయించింది. ఇద్దరం పొరపాటేనట, అసలు గుట్టంతా ఒకినావాలో ఉందట. పెళ్లయిన కొత్తలో భార్యతో వెళ్లి ఆ శీతాకాలమంతా అక్కడే ఉన్నాడు కదా, తర్వాత దశాబ్దాల తరబడి కుండల మీద వేసిన చెరుకు గెడ అక్కడి పొలాల్లోదే కదా అని రాసింది. నేనింకా జవాబివ్వలేదు. ముందు ఒకినావా గురించి కాస్త చదవాలి, ఊరికే ఒప్పేసుకోను.